భోజనం చేశావా అని అడిగిన మా అమ్మ

నెల కింద ఒక శనివారం పొద్దున అమ్మ వీడియో కాల్ చేసింది. ఎండాకాలంల ఇక్కడ డాలస్‌ల ఎనిమిదంటే హాలియా దగ్గర మా ఊళ్లె సాయంత్రం ఆరున్నర, దీపం పెట్టే యాళ్ల. ఫోన్ పాపకిచ్చిన. అమ్మ కొంచెం ఆగి, కూడబలుక్కొని, "భోజనం చేశావా అమ్మా?" అన్నది.

నాకు కడుపుల దేవినట్టయింది. నలభై ఏండ్లల మా అమ్మ నోట ఆ మాట నేను వినలే. "బువ్వ తిన్నవా బిడ్డా" అనే మనిషి. అంతకుముందు వారం "తొవ్వల పైలం బిడ్డా", అంటే దారిల జాగ్రత్త అని అంటే పాప నా దిక్కు తిరిగి, నాయినమ్మ ఏమంటుందని ఇంగ్లిష్‌ల అడిగింది. అమ్మ అది చూసింది. మనుమరాలికి సమజ్ కావాలని ఈ వయసుల తన మాటనే మార్చుకున్నది.

పాపకు తెలుగు రాదనుకోకండి. ఆదివారం తెలుగు బడికి పోతది, వేమన పద్యాలు అప్పజెప్తది, ఒత్తులు తప్పుపోకుండ రాస్తది. అక్కడ చెప్పేటోళ్లు మనలాంటి తల్లిదండ్రులే, జీతం లేకుండ చెప్తరు, వాళ్లకు దండం. కని పుస్తకంల దారి ఉంటది, తొవ్వ ఉండదు. తొవ్వ నేర్పాల్సింది నేను. నేర్పలే.

ఇంటర్ల "గట్లనా సార్" అన్నందుకు క్లాసంత నవ్వింది, లెక్చరర్ కూడ నవ్విండు. ఆ రోజునుంచి నాలుకను దిద్దుకుంటనే ఉన్న. సినిమాలల్ల మన తెలంగాణ యాస రౌడీలకు, నవ్వించేటోళ్లకు ఇచ్చిన కాలమది. తర్వాత రాష్ట్రం వచ్చింది, కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9 తెలంగాణ భాషా దినోత్సవమయింది. స్టేజీ ఎక్కి మన భాష గొప్పదని మాట్లాడుతం. ఇంటికొచ్చినంక పిల్ల "ఏంది" అంటే "ఏంటి అనాలె" అని దిద్దుతం. నేనే దిద్దిన.

రెండు తీర్ల తెలుగు చెప్తే పిల్లలు పరేషాన్ అయితరంటరు. బళ్లె ఇంగ్లిష్, పక్కింటి దోస్తు దగ్గర స్పానిష్ మాటలు పట్టుకొచ్చే పిల్లకు దారన్నా తొవ్వన్నా ఒకటే అని తెలుస్తే బుర్ర పలుగుతదా? బతుకమ్మకు తంగేడు, గునుగు దొరక్కపోతే చామంతులు కొని పేరుస్తున్నం, తప్పదు. మాట కొనేది లేదు కదా, మన నోట్లనే ఉన్నది.

మా అమ్మ వాళ్ల నాయిన పాలమూరు కూలీలతోని కలిసి నాగార్జునసాగర్ కట్టకు రాయి మోసిండు. 1955ల పునాది వేస్తే 1967ల కాల్వలకు నీళ్లు ఇడిసిండ్రు. ఆ నీళ్లు మా ఊరి మడికి మొదటిసారి వచ్చిన నాటి ముచ్చట అమ్మ చెప్తుంటే, తడిసిన మట్టి వాసన నాకిప్పటికీ వస్తది. ఏ పుస్తకంల లేదది. ఆమె మాటలల్లనే ఉన్నది. "భోజనం చేశావా" తెలుగుల ఆ ముచ్చట చెప్పుమంటే ఆమె ఏం చెప్తది? రెండు ముక్కలు చెప్పి ఊకుంటది.

అందుకే ఫోన్ చేసి, నీ తీర్గనే మాట్లాడు అమ్మా అన్న. "పిల్లకు తెల్వదు గదరా" అన్నది. తెలిపే పని నాది అన్న.

మొన్న శనివారం మళ్లా "భోజనం" అని మొదలువెట్టింది. నేను పక్కకెళ్లి "అమ్మా" అన్న. ఆగింది. "సల్ల పోసుకొని తిన్నవా బిడ్డా?" అన్నది. పాప నా చెవిల, "నాయినా, సల్ల అంటే మజ్జిగేనా?" అని మెల్లగ అడిగింది.