పగ్గాలు ఎవరి చేతిలో?

2022 ఫిబ్రవరి 24న రష్యా సేనలు ఉక్రెయిన్‌లోకి చొరబడటానికి గంట ముందే అమెరికా కంపెనీ వయాశాట్ ఉపగ్రహ నెట్‌వర్క్‌పై సైబర్ దాడి జరిగింది. వేల మోడెమ్‌లు మూగబోయాయి. యుద్ధంతో ఏ సంబంధమూ లేని జర్మనీలో 5,800 గాలిమరలకు రిమోట్ కనెక్షన్ తెగిపోయింది! రెండు రోజుల్లోనే ఉక్రెయిన్ మంత్రి ఫెదొరోవ్ ట్విటర్‌లో సాయం అడిగారు, అమెరికా వ్యాపారి ఎలాన్ మస్క్ తన ఉపగ్రహ ఇంటర్నెట్ సేవ స్టార్‌లింక్ ఆన్ చేశారు. అప్పటి నుంచి ఉక్రెయిన్ సైన్యం కబుర్లకూ, డ్రోన్లకూ అదే పెద్ద దిక్కయింది.

ఆ దిక్కు ఎంత గట్టిదో తర్వాత తెలిసింది. రష్యా ఆక్రమణలో ఉన్న క్రిమియాలోని సెవాస్తపోల్ నౌకాస్థావరం దాకా సేవలివ్వమని ఉక్రెయిన్ అడిగితే తాను ఒప్పుకోలేదని 2023 సెప్టెంబరులో మస్కే చెప్పుకున్నారు. తన కంపెనీ యుద్ధాన్ని పెద్దది చేయకూడదన్నది ఆయన వాదన. వాదనలో తప్పుందని మేం అనడం లేదు. కానీ ఏ చట్టసభకూ జవాబు చెప్పనక్కర్లేని వ్యాపారి తేల్చాల్సిన విషయమా అది? పోనీ ప్రభుత్వం చేతిలో ఉంటే నిశ్చింతా అంటే అదీ లేదు. 2025 మార్చిలో అమెరికా ప్రైవేటు కంపెనీ మాక్సార్ ఉపగ్రహ చిత్రాలు ఉక్రెయిన్‌కు అందకుండా ఆపింది సాక్షాత్తూ అమెరికా ప్రభుత్వమే.

మనమూ ఇప్పుడు అదే దారిలో ఉన్నాం. 2024 అక్టోబరులో కేంద్రం ఆమోదించిన 52 నిఘా ఉపగ్రహాల్లో 21 ఇస్రోవి, 31 ప్రైవేటు కంపెనీలవి. మంచిదే. అన్నీ ఇస్రోయే చేయాలంటే ఏళ్లు పడుతుంది. హైదరాబాద్ కంపెనీ ధ్రువ స్పేస్ భాగస్వామిగా ఉన్న బృందానికి 2025లో 12 భూపరిశీలన ఉపగ్రహాల పని కూడా దక్కింది. పంటను చూసే కెమెరాయే సరిహద్దునూ చూడగలదు. చిక్కంతా అక్కడే. సైన్యానికి సాయపడే ప్రైవేటు ఉపగ్రహాలపై ప్రతీకార దాడి సబబేనని 2022 అక్టోబరులో రష్యా ప్రతినిధి ఐక్యరాజ్యసమితిలోనే హెచ్చరించారు. రేపు మన కంపెనీ ఉపగ్రహాన్ని శత్రువు దెబ్బతీస్తే నష్టం ఎవరు భరిస్తారు? ప్రైవేటు సంస్థల అంతరిక్ష కార్యకలాపాలకూ దేశమే బాధ్యత వహించాలని 1967 నాటి అంతర్జాతీయ అంతరిక్ష ఒప్పందం చెబుతోంది. మన దగ్గర 2023లో అంతరిక్ష విధానం వచ్చింది గానీ, 2017 నాటి అంతరిక్ష కార్యకలాపాల ముసాయిదా బిల్లు చట్టం కాలేదు.

ముందుగా ఆ చట్టం తేవాలి. యుద్ధ సమయంలో సేవలు ఆపే హక్కు కంపెనీకి ఉండదనీ, నష్టానికి ప్రభుత్వ పూచీ ఎంతవరకో కాంట్రాక్టుల్లోనే రాయాలి. ఉపగ్రహాల తయారీ, నిర్వహణలో 74 శాతం దాకా విదేశీ పెట్టుబడికి 2024లోనే ఆటోమేటిక్ మార్గం (ప్రభుత్వ ముందస్తు అనుమతి అక్కర్లేని దారి) తెరిచాం. సైన్యానికి పనిచేసే కంపెనీ వాటాలు రేపు చేతులు మారితే ఏం చేస్తారో రక్షణ శాఖ ఇప్పుడే చెప్పాలి.