వేలం సొమ్ముకు వాటాలు ముందే రాసిపెట్టాలి

డాట్ వెబ్ అనే ఒకే ఒక్క పేరు 2016 జులైలో జరిగిన వేలంలో 13.5 కోట్ల డాలర్లు పలికింది. అదే ఏడాది జనవరిలో జపాన్‌కు చెందిన జీఎంఓ రిజిస్ట్రీ 4.15 కోట్ల డాలర్లకు డాట్ షాప్‌ను పాడుకుంది. అంతకు ఏడాది ముందు గూగుల్ డాట్ యాప్ కోసం రెండున్నర కోట్ల డాలర్లు కట్టింది. వెబ్‌సైటు చిరునామాలో చివరి చుక్క తర్వాత వచ్చే మూడు నాలుగు అక్షరాలకు ఇంత ధరా అని చాలామంది నోరు వెళ్లబెడతారు. ధర సంగతి వ్యాపారులు చూసుకుంటారు. ఆ సొమ్ము ఎవరిది, ఎవరికి చేరాలి, ఆ నిర్ణయం ఎవరి చేతిలో ఉండాలి అన్నవి మాత్రం మనందరి ప్రశ్నలు. అమెరికాలో ఉంటూ తెలుగులో చదివి తెలుగులో రాసే మనకు, మన తెలుగు సంఘానికి వాటితో నేరుగా సంబంధం ఉంది.

ఇంటర్నెట్ చిరునామాల వ్యవస్థకు పెద్దదిక్కు ఐకాన్. కాలిఫోర్నియాలో నమోదైన లాభాపేక్ష లేని సంస్థ ఇది. 2012లో చుక్క తర్వాత వచ్చే కొత్త పేర్ల కోసం ఈ సంస్థ దరఖాస్తులు పిలిస్తే 1,930 వచ్చాయి. ఒక్కో దరఖాస్తుకు రుసుము 1,85,000 డాలర్లు. ఒకే పేరును నలుగురు కోరితే ముందు వాళ్లలో వాళ్లే తేల్చుకోవాలన్నది అప్పటి పద్ధతి, తేలకపోతే చివరి మార్గంగా ఐకాన్ వేలం వేసేది. 2014 నుంచి అలా వేలం దాకా వచ్చినవి ఇరవై పేర్లకు లోపే. ఖర్చులు పోను ఐకాన్ చేతికి వచ్చింది మాత్రం దాదాపు 23.3 కోట్ల డాలర్లు. అందులో సగానికి పైగా డాట్ వెబ్ ఒక్కదాని నుంచే వచ్చింది. పాట గెలిచిన సంస్థ వెనుక డాట్ కామ్‌ను నడిపే వెరిసైన్ డబ్బు ఉందని పోటీదారు లేవనెత్తిన వివాదం ఏళ్ల తరబడి సాగింది.

ఈ సొమ్ము ఐకాన్ సంపాదన అనుకోవడం పొరపాటు. దరఖాస్తుల పరిశీలనకు, కార్యక్రమం నడపడానికి అయ్యే ఖర్చు తిరిగి వచ్చేలా లెక్కగట్టే రుసుము పెట్టారు. అంటే వేలానికి ముందే ఖర్చులకు దారి చూపించుకున్నారు. ఆపైన వచ్చినదంతా మిగులు. 'షాప్', 'యాప్' అనే మాటలను ఐకాన్ సృష్టించలేదు, పాడుకున్న కంపెనీలూ సృష్టించలేదు. కోట్లమంది వాడబట్టే వాటికి విలువ వచ్చింది. అందరూ వాడుకునే దాని మీద వచ్చిన మిగులు అందరికీ చెందాలి, అందులోనూ ఆ వ్యవస్థలో ఇంకా చోటు దొరకనివారికి ముందుగా చెందాలి. నా వాదనంతా దీని మీదే నిలబడి ఉంది.

2012 నాటి దరఖాస్తుదారుల నిబంధనల పుస్తకంలో ఈ సొమ్ము గురించి ఒక మాట ఉంది. ఎలా వాడాలో తేలేవరకు దీన్ని విడిగా పక్కన పెడతామని, సంస్థ ధ్యేయానికి తగిన పనులకే వాడతామని రాశారు. ఫౌండేషన్ పెట్టవచ్చని, తర్వాతి విడతల్లో కొత్త పేర్లు కోరే సముదాయాలకు సాయపడవచ్చని, భద్రతా పరిశోధనకు ఇవ్వవచ్చని కొన్ని ఉదాహరణలూ చెప్పారు. ఆ ఉదాహరణలన్నీ 'వచ్చు'లే, 'తీరాలి' ఒక్కటీ లేదు. దాని ఫలితం ఏమిటో తేదీలు చూస్తే తెలుస్తుంది. మొదటి వేలం 2014లో జరిగింది. ఖర్చు విధానం తేల్చడానికి ఐకాన్‌లోని వివిధ వర్గాలు కలిసి ఏర్పరచిన ఉమ్మడి కార్యవర్గం 2017 జనవరిలో పని మొదలుపెట్టింది. దాని తుది నివేదిక 2020లో వచ్చింది. పాలకమండలి 2022 జూన్‌లో ఆమోదించింది. గ్రాంట్లకు తొలి పిలుపు 2024 మార్చిలో వెలువడింది. సొమ్ము రావడం మొదలయ్యాక పదేళ్లకు దరఖాస్తు ఫారం వచ్చిందన్నమాట. డాట్ వెబ్ వేలం జరిగిన మూడు నాలుగు నెలలకే, 2016 నవంబరులో, ఐకాన్ సమావేశం హైదరాబాద్‌లోనే జరిగింది. ప్రపంచం నలుమూలల నుంచి ప్రతినిధులు వచ్చారు. అన్ని కోట్లు అప్పటికే ఖాతాలో ఉన్నాయి, వాటిని ఏం చేయాలో మాత్రం తేలలేదు.

హైదరాబాద్ శివారులోని బాలాపూర్‌లో వినాయకుడి లడ్డూను 1994 నుంచి వేలం వేస్తున్నారు. మొదటి ఏడాది 450 రూపాయలకు పోయిన లడ్డూ 2024లో 30 లక్షలు దాటింది. ఆ డబ్బు ఊరి అభివృద్ధికి వెళుతుందని పాడేవారికి తెలుసు, చుట్టూ నిలబడి చూసేవారికీ తెలుసు. అది తెలుసు కాబట్టే ఏటా పాట పెరుగుతున్నా ఎవరూ వేలెత్తి చూపరు. ఎక్కడికి వెళ్లాలో ముందే తెలిసిన డబ్బును మధ్యలో పక్కకు మళ్లించడం కష్టం. ఇంత పెద్ద అంతర్జాతీయ సంస్థ ఆ పాటి కట్టుబాటు పెట్టుకోలేకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

మళ్లింపు గురించి ఊరికే అనడం లేదు. 2018 అక్టోబరులో ఐకాన్ పాలకమండలి ఈ వేలం సొమ్ములోంచి 3.6 కోట్ల డాలర్లు తీసి తన అత్యవసర నిల్వ నిధిలో వేసుకుంది. ఇంటర్నెట్ మూల విధుల (పేర్లు, చిరునామాల కేంద్ర పట్టికల నిర్వహణ) పర్యవేక్షణ అమెరికా ప్రభుత్వం నుంచి అంతర్జాతీయ సముదాయానికి మారినప్పుడు అయిన ఖర్చుతో ఆ నిల్వ తగ్గింది. దాన్ని పూడ్చుకోవడం సంస్థ నిలకడకు అవసరమే, ఎవరూ కాదనరు. కానీ ఆ పూడిక సొంత ఆదాయంలోంచి, ఎన్నేళ్లు పట్టినా, మెల్లగా జరగాల్సింది. ఉమ్మడి కార్యవర్గం ఇంకా చర్చిస్తుండగానే మొత్తంలో ఆరో వంతుకు దగ్గరగా ఒక్క తీర్మానంతో పక్కకు పోయింది. వాటాలు ముందే రాసి ఉంటే ఆ తీర్మానం అంత సులువుగా జరిగేది కాదు.

పంపిణీ ఎవరు చేయాలన్న దాని మీద కార్యవర్గం మూడు దారులు పరిశీలించింది. ఐకాన్‌లోనే ఒక విభాగం పెట్టడం, బయటి స్వచ్ఛంద సంస్థతో కలిసి చేయడం, విడిగా ఒక ఫౌండేషన్ స్థాపించడం. చివరికి మొదటి దారికే మొగ్గారు. దరఖాస్తుల బాగోగులు చూసేది స్వతంత్ర బృందమేనని, ఐకాన్ ఉద్యోగులు కారని నియమం పెట్టారు. అది మంచి నియమమే. కొత్త ఫౌండేషన్ అంటే కొత్త కార్యాలయం, కొత్త జీతాలు, మరో రెండేళ్ల ఆలస్యం అన్న వాదనలోనూ నిజం ఉంది. అయినా నేను ఫౌండేషన్ వైపే ఉంటాను. వేలం వేసేవారు, సొమ్ము దాచేవారు, అర్హతలు రాసేవారు, చివరి జాబితాకు ముద్ర వేసేవారు ఒకే కప్పు కింద ఉంటే, మధ్యలో మార్కులు వేసే బృందం ఎంత నిష్పాక్షికమైనా దాని చేతిలో ఉండేది చిన్న ముక్కే. జీతాల ఖర్చు ఎక్కువైనా ఆ దూరం కొనుక్కోదగ్గది.

ఇక దేనికి ఖర్చు పెట్టాలి? నా లెక్కలో సగం, సగానికి తగ్గకుండా, లిపులకు వెళ్లాలి. లాటిన్ అక్షరాలు రానివారు తమ లిపిలో చిరునామా టైపు చేసి పని జరిపించుకోగలిగే స్థితి రావడానికి వెళ్లాలి. మన సంగతే చూడండి. చుక్క తర్వాత తెలుగు లిపిలో 'భారత్' అని రాసే వీలు 2011లోనే వచ్చింది. చుక్క తర్వాతి పేర్లన్నీ ఉండే ఇంటర్నెట్ మూల పట్టికలో తెలుగు అక్షరాల్లో ఉన్నది ఆ ఒక్కటే. కోట్లమంది మాట్లాడే భాషకు ఒక్క పేరు! కొత్తవి రావడానికి కావలసిన అక్షర నియమాలు 2019లో సిద్ధమయ్యాయి. బ్రాహ్మీ నుంచి పుట్టిన భారతీయ లిపుల కోసం పండితులు, సాంకేతిక నిపుణులు ఒక బృందంగా కూర్చుని చేసిన పని అది. ఏ అక్షరం తర్వాత ఏ గుర్తు రావచ్చో, ఏది రాకూడదో ఒక్కొక్కటిగా తేల్చారు. తెలుగు 'ర', 'గ' కన్నడలోనూ దాదాపు అదే రూపంలో ఉంటాయి కదా, ఒక లిపి పేరును మరో లిపిలో అచ్చం అలాగే రాసి జనాన్ని మోసం చేయకుండా ఆ జంటలకూ నియమం పెట్టారు. ఎంతో ఓపిక, పాండిత్యం కావలసిన ఈ పని గురించి మన పత్రికల్లో నాలుగు ముక్కలు రాకపోవడం అన్యాయం.

అంత చేశాక కూడా తెలుగు చిరునామా చాలాచోట్ల పనిచేయదు. ఏ లిపిలోనైనా ఈమెయిలు చిరునామా పెట్టుకునే ప్రమాణం 2012లోనే వచ్చింది. 2014లో జీమెయిల్ అలాంటి చిరునామాలకు ఉత్తరాలు పంపడం, అందుకోవడం మొదలుపెట్టింది. కానీ తెలుగు లిపిలోని ఈమెయిలును ఒక బడి ప్రవేశ పత్రంలోనో, బ్యాంకు ఫారంలోనో, టిక్కెట్ల సైటులోనో నింపి చూడండి, చెల్లని చిరునామా అని ఎర్ర అక్షరాల్లో జవాబు వస్తుంది. దోషం ఇంటర్నెట్‌ది కాదు, ఆ ఫారం రాసిన ప్రోగ్రాముది. ఇలాంటివి లక్షల్లో ఉన్నాయి. వీటిని వెతికి పట్టి, దిద్ది, పరీక్షించడానికి మనుషులు కావాలి. లాభం కనిపించదు కాబట్టి కంపెనీలు చేయవు. వేలం సొమ్ము వెళ్లాల్సింది సరిగ్గా ఇక్కడికే.

కేబుళ్లు వేయడానికి, గ్రామాలకు కనెక్షన్లు ఇవ్వడానికి ఈ నిధి వాడాలనేవారూ ఉన్నారు. వారి ఆవేదన అర్థమవుతుంది. కానీ ఆ పనికి ఈ మొత్తం ఏ మూలకూ చాలదు. ప్రభుత్వాలూ టెలికాం కంపెనీలూ వేల కోట్లు పెట్టే రంగం అది. మిగిలిన సగం చిరునామాల వ్యవస్థ భద్రతకు, ప్రమాణాలు రాసేవారికి, చిన్న దేశాల్లో ఈ పని తెలిసిన ఇంజనీర్లను తయారు చేయడానికి ఇస్తే చాలు.

2024 నాటి గ్రాంట్ల తొలి విడతలో కోటి డాలర్లు పంచడానికి సిద్ధపడితే 247 దరఖాస్తులు వచ్చాయి. ఒక్కో గ్రాంటు 50 వేల డాలర్లకు తగ్గకూడదు, 5 లక్షలకు మించకూడదు. ఈ కనీస హద్దు దగ్గరే నాకు తీవ్రమైన అభ్యంతరం ఉంది. 50 వేల డాలర్లంటే 40 లక్షల రూపాయల పైమాట. రాజమండ్రిలోనో వరంగల్లులోనో నలుగురు స్వచ్ఛందంగా తెలుగు ఫాంట్లు, కీబోర్డులు, సరిచూసే ఉపకరణాలు తయారుచేస్తుంటే వారికి కావలసింది నాలుగైదు లక్షల రూపాయలు. అంత చిన్న మొత్తం అడిగే గడి ఆ ఫారంలో లేదు. వాళ్లు కూడబలుక్కుని పెద్ద దరఖాస్తు పెట్టాలన్నా భారతదేశ చట్టం అడ్డొస్తుంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు కావాలంటే సంస్థకు మూడేళ్ల వయసుండాలి, ఆ మూడేళ్లలో తన ధ్యేయం మీద కనీసం 15 లక్షలు ఖర్చు పెట్టి ఉండాలి. విదేశీ సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాలోనే పడాలి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ అందుకున్న విదేశీ విరాళాన్ని మరో సంస్థకు అందించడానికీ వీల్లేదు. అంటే ఒక పెద్ద సంస్థ గ్రాంటు తెచ్చి చిన్న బృందాలకు పంచే దారీ మూసుకుపోయింది.

ఇక్కడే విదేశాల్లోని మన సంఘాల పాత్ర మొదలవుతుంది. అమెరికాలో చాలా తెలుగు సంఘాలకు పన్ను మినహాయింపు గల స్వచ్ఛంద సంస్థ హోదా ఉంది. గ్రాంటు కోరడానికి కావలసిన మొదటి అర్హత అదే. మన సభ్యుల్లో ప్రోగ్రాములు రాసేవారు వేలల్లో ఉన్నారు. పని ఇక్కడ అమెరికాలోనే చేయవచ్చు, నమోదున్న సంస్థలతో చేతులు కలిపి భారత్‌లోనూ చేయవచ్చు. సభలకు, విందులకు పెట్టే శ్రమలో కొంత ఈ దరఖాస్తు రాయడానికి పెడితే మన భాషకు మిగిలేది ఎక్కువ.

ఇప్పుడే ఎందుకంటే, మరో విడత వచ్చింది. కొత్త పేర్ల దరఖాస్తులకు ఐకాన్ 2026 ఏప్రిల్ 30 నుంచి ఆగస్టు 12 వరకు గడువు ప్రకటించింది. రుసుము 2,27,000 డాలర్లు. గతసారి పోటీదారులు బయట ప్రైవేటు వేలాలు పెట్టుకునేవారు, గెలిచినవారు కట్టిన డబ్బును ఓడినవారు పంచుకునేవారు. ఓడిపోవడానికే దరఖాస్తు పెట్టే తంతు అలా మొదలైంది. ఈ విడతలో దాన్ని నిషేధించారు, సరైన నిర్ణయం. దానివల్ల తేలని పోటీలన్నీ ఐకాన్ వేలానికే వస్తాయి. సొమ్ము మళ్లీ పోగుపడుతుంది. ఈసారి పాట మొదలుకాకముందే లిపులకు ఎంత, భద్రతకు ఎంత, చిన్న గ్రాంట్లకు ఎంత అన్నది అంకెల్లో రాయాలి. సంస్థ సొంత నిల్వకు ఒక్క డాలరూ వెళ్లకూడదన్న వాక్యం కూడా అందులో ఉండాలి.

ఈ మాట చెప్పడానికి వేదిక ఉంది. మామూలు వినియోగదారుల తరఫున ఐకాన్‌లో సలహా సంఘం ఒకటి పనిచేస్తుంది. వేలం సొమ్ము కార్యవర్గాన్ని ఏర్పరచిన వాటిలో అదీ ఒకటి. ఉత్తర అమెరికాకు దాని ప్రాంతీయ శాఖ ఉంది. అందులో మనలాంటి సంఘాలు సభ్యత్వం తీసుకోవచ్చు, వ్యక్తులుగానూ చేరవచ్చు. ఐకాన్ తన విధానాల ముసాయిదాలను బహిరంగ అభిప్రాయాలకు పెట్టినప్పుడు ఎవరైనా రాయవచ్చు. మన తెలుగు సంఘం కార్యవర్గం వచ్చే సమావేశపు అజెండాలో ఈ సభ్యత్వం విషయం చేర్చాలని, ముగ్గురితో ఒక చిన్న ఉపసంఘం వేయాలని కోరుతున్నాను. అందులో పనిచేయడానికి నేను సిద్ధం. లిపి తెలిసినవారొకరు, గ్రాంటు దరఖాస్తులు రాసిన అనుభవం ఉన్నవారొకరు ముందుకు వస్తే చాలు.