వేసవి శిబిరాన్ని ప్రాజెక్టు గట్టు మీద పెట్టండి

పదో తరగతి పరీక్షలు ముగియడమే ఆలస్యం, నెల్లూరు, ఒంగోలు కూడళ్ళలో ఫ్లెక్సీలు వెలుస్తాయి. కోడింగ్, రోబోటిక్స్, కరాటే, ఇంటర్ బ్రిడ్జి కోర్సు. సివిల్ ఇంజినీరింగ్ మాట ఎవరికైనా తట్టినా, ఐస్‌క్రీం పుల్లలతో వంతెన కట్టించి, దాని మీద బరువులు పెట్టించి, సర్టిఫికెట్ చేతిలో పెట్టడంతో సరి. త్రిభుజం ఎందుకు నిలబడుతుందో, చతురస్రం ఎందుకు ఒరిగిపోతుందో ఆ పుల్లలు చక్కగానే నేర్పుతాయి. అయితే పెన్నా, గుండ్లకమ్మ పారే జిల్లాల్లో పుట్టిన పిల్లలకు అంతటితో సరిపెట్టడం అన్యాయం. పిల్లలకు సివిల్ ఇంజినీరింగ్ చూపించే వేసవి శిబిరాన్ని జలవనరుల శాఖ, పాలిటెక్నిక్ కళాశాలలు కలిసి నడపాలి. అదీ ప్రాజెక్టుల దగ్గరే నడపాలి.

మద్దిపాడు మండలం మల్లవరం దగ్గరి గుండ్లకమ్మ జలాశయాన్నే తీసుకుందాం. 2008లో ప్రారంభమైన ప్రాజెక్టు అది. 2022 ఆగస్టు నెలాఖరులో ఒక గేటు కొట్టుకుపోయింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వెళ్ళిన వెంటనే మరో గేటు పోయింది. రైతులు కళ్ళలో వత్తులు వేసుకుని కాపాడుకున్న నీళ్ళు సముద్రం పాలయ్యాయి. మొదటి గేటు పోయేనాటికి ప్రాజెక్టు వయసు పద్నాలుగేళ్ళు, అంటే మనం శిబిరానికి పిలవాలనుకుంటున్న పిల్లల వయసు. ఆ గేటు ఎందుకు పోయిందో వాళ్ళకు ఏ పాఠ్యపుస్తకం చెబుతుంది? గేటు కింది అంచున రబ్బరు సీలు ఎక్కడ అరుగుతుంది, పట్టీలకు తుప్పు ఎలా పడుతుంది, ఇనుప తాడుకు గ్రీజు పెట్టకపోతే ఏమవుతుంది? గట్టు మీద నిలబెట్టి చూపిస్తే ఒక్క పూటలో అర్థమయ్యే సంగతులివి. నీటిమట్టం తగ్గే వేసవిని మించిన అదను వేరే ఏముంటుంది?

ఈ నేలకు మరో బాధ్యత కూడా ఉంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇంటిపేరు ఉమ్మడి ప్రకాశం జిల్లాలోని మోక్షగుండం గ్రామానిది. ఆయన పూర్వీకులు అక్కడివారు. వరద మట్టాన్ని బట్టి వాటంతటవే తెరుచుకునే గేట్లను 1903లో పుణె దగ్గరి ఖడక్‌వాస్లా జలాశయానికి అమర్చిన ఇంజినీరు ఆయన. ఏటా ఆయన జయంతి సెప్టెంబరు 15న విగ్రహాలకు దండలు వేస్తున్నాం. ఆయన పని ఏమిటో మాత్రం పిల్లలకు చూపించడం లేదు. ఆయన ఇంటిపేరు పుట్టిన చోటే గేట్లు కొట్టుకుపోవడం కంటే సిగ్గుచేటు ఏముంటుంది?

శిబిరం నాలుగు వారాలు ఉండాలి. కారణం కాంక్రీటే. ఎం20 కాంక్రీటు అంటే 28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల ఒత్తిడిని తట్టుకోవాలి. మొదటి రోజు పిల్లలు తమ చేతులతో కలిపి, 150 మిల్లీమీటర్ల దిమ్మెలు పోయాలి. కొన్నింటిని నీళ్ళలో ఉంచాలి, కొన్నింటిని మే నెల ఎండకు వదిలేయాలి. ఇరవై ఎనిమిదో రోజున రెండు రకాలనూ యంత్రంలో పెట్టి పగలగొడితే ‘క్యూరింగ్’ (పోసిన కాంక్రీటును తడిగా ఉంచడం) అంటే ఏమిటో జన్మలో మరచిపోరు. కాంక్రీటు ఎంత జారుగా ఉందో చూసే స్లంప్ పరీక్ష అయితే పది నిమిషాల పని. 300 మిల్లీమీటర్ల ఎత్తున్న ఇనుప శంకువులో పొరలు పొరలుగా కాంక్రీటు నింపి, పొరకు పాతికసార్లు కడ్డీతో పొడిచి, శంకువును నిదానంగా పైకి తీస్తారు. లోపలి ముద్ద కొంచెం కుంగి నిలబడుతుంది. ఎంత కుంగిందో స్కేలుతో కొలుస్తారు. అదే కాంక్రీటులో మరో రెండు చెంబుల నీళ్ళు పోసి మళ్ళీ చేయించండి. ముద్ద చతికిలబడి చుట్టూ పారిపోతుంది. నీళ్ళు ఎక్కువైన కాంక్రీటుకు బలం తగ్గుతుంది. ఆ పిల్లవాడు రేపు తన ఇంటి స్లాబు పోసే రోజున, పని తేలికవుతుందని మేస్త్రీ బకెట్ నీళ్ళు గుమ్మరించబోతే ఊరుకుంటాడా? తీరంలో ఇళ్ళు కట్టుకునేవారికి ఇది మరీ అవసరం. మైపాడు, కొత్తపట్నం లాంటి ఊళ్ళలో ఉప్పుగాలి పలచని కాంక్రీటులోకి చొరబడుతుంది. ఇనుము తుప్పుపట్టి ఉబ్బి స్లాబును పెచ్చులు పెచ్చులుగా రాలుస్తుంది.

మే నెల ఎండల్లో పిల్లల్ని గట్ల మీదికి తిప్పడమేమిటని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఉదయం ఆరున్నరకు మొదలుపెట్టి పదిన్నరకల్లా ఇంటికి పంపేయవచ్చు. నీటి అంచుకు వెళ్ళకుండా తాడు కట్టి, శాఖ సిబ్బందిని కాపలా ఉంచవచ్చు. సివిల్ చదివితే జీతమెంత అన్నది రెండో ప్రశ్న. ఈ శిబిరానికి వచ్చినవాళ్ళలో పదిమందికి తొమ్మిదిమంది కంప్యూటర్ సైన్సుకే వెళ్ళినా నాకు బెంగ లేదు. వాళ్ళూ ఇళ్ళు కట్టుకుంటారు, ఓట్లు వేస్తారు.

అసలు జబ్బు వేరే ఉంది. మనకు శంకుస్థాపన మీద ఉన్న మోజు మరమ్మతు మీద లేదు. కొత్త బ్యారేజీకి వందల కోట్లు దొరుకుతాయి, ఉన్న గేటుకు రంగు వేయడానికి బిల్లు పాసవదు. తూము తీసేది, కట్టేది, గట్టుకు బొరియ పడితే ముందు కనిపెట్టేది లస్కరు. ఆ పోస్టులు ఖాళీగా ఉన్నాయని రైతులు ఎన్నేళ్ళుగా మొత్తుకున్నా వినే నాథుడు లేడు. 2021 నవంబరు వరదల్లో పెన్నా మీది సోమశిల జలాశయం దిగువన జరిగిన నష్టం చూశాం. నెల్లూరు పక్కనే ఉన్న పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది మట్టి కొట్టుకుపోయి రాకపోకలు నిలిచిపోవడం చూశాం. అంతటి వరదకు ఏ కట్టడమైనా ఇబ్బంది పడుతుంది, ఒప్పుకుంటాను. వరద లేని రోజుల్లో మనం ఏం చేశామన్నదే నా ప్రశ్న. కొండల మధ్య మట్టికట్ట వేసి గుండ్లకమ్మను ఆపిన కంభం చెరువు శతాబ్దాలు దాటి నిలిచింది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల వారసత్వ కట్టడంగా గుర్తింపు పొందింది. ఏ మట్టికట్టా తనంతట తాను శతాబ్దాలు బతకదు. తరతరాలుగా ఎవరో మట్టి వేశారు, రాళ్ళు సర్దారు, చెట్లు కొట్టారు. శిలాఫలకం మీద వాళ్ళ పేర్లు ఉండవు. పిల్లలకు పరిచయం చేయాల్సింది ముందుగా ఆ పనినే. అందుకే శిబిరంలో ఇంజినీరుతోపాటు లస్కరు కూడా పాఠం చెప్పాలి, దానికి గౌరవ వేతనం ఇవ్వాలి.

మొదటి శిబిరం మల్లవరంలో, రెండోది పెన్నా మీది సంగం బ్యారేజీ దగ్గర పెట్టాలి. ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు సగం సీట్లు ఇవ్వాలి, బస్సు ఖర్చు శాఖే భరించాలి. ప్రతి గేటుకు చివరిసారి గ్రీజు ఎప్పుడు పెట్టారో, సీలు ఎప్పుడు మార్చారో రాసే రిజిస్టరును పిల్లల ముందు తెరవాలి. అందులో ఖాళీ పేజీలు కనిపిస్తే, ఎందుకు ఖాళీగా ఉన్నాయో కార్యనిర్వాహక ఇంజినీరు వాళ్ళకు అక్కడికక్కడే వివరించాలి.