మహారాజశ్రీ 104 కెపాసిటర్ గారికి

మహారాజశ్రీ 104 సిరామిక్ కెపాసిటర్ గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి. మీ క్షేమం అడగక్కర్లేదు, కోఠి గుజరాతీ గల్లీలో పొట్లాలకు పొట్లాలుగా దొరుకుతూనే ఉన్నారు. మోటారు ఎంత వేగంగా తిరుగుతోందో సెన్సర్ పల్సులు లెక్కపెట్టి చూపే మా స్పీడ్ రీడింగే బాగాలేదు.

బయటివాళ్లకి 104 అంటే ఆరోగ్య సలహాలిచ్చే ఫోన్ నంబరు. మాకు 100 నానోఫారడ్ కెపాసిటర్ మీద ఉండే అంకె. మా ల్యాబుల్లోనూ వాడకం అంతే. డిస్‌ప్లేలో 200 ఆర్పీఎం ఉన్నట్టుండి 1140 అయిందా, 104 పెట్టు. మోటారు ఆగినా కౌంట్ పెరుగుతోందా, ఇంకో 104 పెట్టు. జిందా తిలిస్మాత్‌కి కూడా ఇంతమంది భక్తులు ఉండరేమో. అదైనా ఎన్ని చుక్కలు వేసుకోవాలో చెప్పి ఇస్తారు.

మీ మహిమ ఉత్తిదని అనడం లేదు. బొమ్మ రోబోల్లో వాడే పసుపుపచ్చ బీఓ మోటారు, 20 గాడులున్న చక్రం, గాడికో పల్సు ఇచ్చే ఎల్ఎం393 స్పీడ్ సెన్సర్ మాడ్యూల్ ఉన్నచోట మీరు నిజంగానే దేవుడు. ఆ మాడ్యూల్లోని కంపారేటర్‌కి, అంటే రెండు వోల్టేజీలను పోల్చి హై, లో చెప్పే చిప్పుకి, హిస్టరిసిస్ పెట్టలేదు. అంటే పైకి మారే గీత, కిందికి మారే గీత వేరువేరుగా లేవు. గాడి అంచు మెల్లగా దాటుతుంటే అవుట్‌పుట్ ఒక్కసారి మారాల్సింది పోయి నాలుగైదుసార్లు కొట్టుకుంటుంది. డీ0 అనే అవుట్‌పుట్ పిన్ను నుంచి గ్రౌండ్‌కి మిమ్మల్ని అతికిస్తే, మాడ్యూల్ మీది 10 కిలో ఓమ్స్ పుల్ అప్‌తో (లైనుని సప్లై వైపు లాగి ఉంచే రెసిస్టర్) కలిసి, మీరు నిండే వేగం చెప్పే టైమ్ కాన్‌స్టంట్ 1 మిల్లీసెకను. 200 ఆర్పీఎం దగ్గర పల్సు పల్సుకీ మధ్య 15 మిల్లీసెకన్లు. దొంగ పల్సులు చచ్చాయి, అసలువి బతికాయి. వైవా గట్టెక్కింది.

అక్కడితో ఆగి ఉంటే ఈ ఉత్తరం రాసే పనే లేదు. ఆ పేరు పట్టుకుని మీరు షాఫ్టు ఒక్క చుట్టుకి 600 పల్సులిచ్చే ఆప్టికల్ ఎన్‌కోడర్ దగ్గరికి వెళ్లారు. అది ఓపెన్ కలెక్టర్, అంటే లైనుని కిందికి లాగడమే దానికి తెలుసు, పైకి లాగేది పుల్ అప్పే. పుల్ అప్ 4.7 కిలో ఓమ్స్ అనుకుందాం. లైను కిందికి దిగడం గబుక్కునే దిగుతుంది, లోపలి ట్రాన్సిస్టర్ మిమ్మల్ని లాగి పారేస్తుంది కాబట్టి. పైకి ఎక్కడమే అసలు బాధ. మీరు నిండాలి. పల్సులు లెక్కపెట్టే ఆర్డుయినో ఊనో బోర్డు "హై" అని ఒప్పుకోవడానికి సప్లైలో 60 శాతం, అంటే 3 వోల్టులు చేరాలి. దానికి మీరు తీసుకునే టైం 430 మైక్రోసెకన్లు. సగం పీరియడ్ అంతకన్నా తగ్గితే, అంటే సుమారు 1160 హెర్ట్జ్ దాటితే, మీరు అంత నిండేలోపే మళ్లీ ఖాళీ. 600 పల్సుల లెక్కన అది 116 ఆర్పీఎం. మోటారు 3000 మీద గింగిరాలు తిరుగుతుంటే డిస్‌ప్లేలో గుండు సున్నా. కుర్రాళ్లు వెంటనే ఎన్‌కోడర్ పాడైందని తీర్మానించి కొత్తది ఆర్డర్ పెడతారు. దానికీ మిమ్మల్నే అతికిస్తారు.

3000 ఆర్పీఎం అంటే 30 కిలోహెర్ట్జ్. సగం పీరియడ్ 16.7 మైక్రోసెకన్లు, ఎన్‌కోడర్ ఇచ్చే ఏ, బీ అనే రెండు సిగ్నళ్ల అంచుల మధ్య 8.3. ఆ ఇరుకులో మీలాంటి భారీకాయులకు చోటు లేదు. మీ తమ్ముడు 102ని, అంటే 1 నానోఫారడ్‌ని పంపండి. పుల్ అప్ 1 కిలో ఓమ్‌కి దించి, అక్కణ్ణుంచి పిన్నుకి వరసలో ఇంకో 1 కిలో ఓమ్ వేసి, పిన్ను దగ్గర ఆయన్ని కూర్చోబెడితే ఎక్కడానికి సుమారు 2 మైక్రోసెకన్లు చాలు. ఆ తర్వాత హిస్టరిసిస్ ఉన్న 74హెచ్‌సీ14 ష్మిట్ ట్రిగ్గర్ ఒకటి. మెల్లగా వాలే అంచుని మామూలు గేటుకిస్తే మధ్యలో మళ్లీ వణుకుతుంది. నాయిస్ తగ్గించడానికి వచ్చిన మీరే కొత్త పల్సులు పుట్టించేది అక్కడే. ఎన్‌కోడర్‌కి 12 వోల్టులు ఇచ్చినా పుల్ అప్ మాత్రం కంట్రోలర్ సప్లైకే. కంట్రోలర్ ఈఎస్‌పీ32 అయితే 3.3 వోల్టులకి. ఇది మరిచిపోతే పిన్ను హరీ.

మీరు రాకముందే కంట్రోలర్ లోపల ఫిల్టర్ ఉన్న సంగతి మీ భక్తులకు చెప్పరు కదా! ఊనోలో 8వ పిన్నుకున్న, పల్సు వచ్చిన క్షణాన్ని గుర్తుపెట్టుకునే ఇన్‌పుట్ క్యాప్చర్‌కి నాయిస్ క్యాన్సలర్ ఉంది. వరసగా నాలుగు శాంపిళ్లు ఒకేలా ఉంటేనే నమ్ముతుంది. 16 మెగాహెర్ట్జ్ మీద అది 250 నానోసెకన్లే. 2, 3 పిన్నుల ఇంటరప్టులకు (అంచు రాగానే ప్రోగ్రాంని ఆపి పిలిచేవి) అదీ లేదు, అందరూ వాడేవి మాత్రం అవే. ఎస్‌టీఎం32 కంట్రోలర్ టైమర్‌లో ఫిల్టర్ విలువ 15 పెడితే 72 మెగాహెర్ట్జ్ మీద సుమారు 3.6 మైక్రోసెకన్లు. ఈఎస్‌పీ32 పల్స్ కౌంటర్‌లో 1023 దాకా పెట్టొచ్చు, 12.8 మైక్రోసెకన్లు. అంతా పెట్టేస్తే 39 కిలోహెర్ట్జ్ పైన అసలు పల్సులు కూడా మాయం, మీరు చేసే పనే అదీ చేస్తుంది.

ఇంకో మాట. ఏ మీద మాత్రమే ఇంటరప్టు పెట్టి లెక్కపెడితే, షాఫ్టు అంచు మీద ఆగి వణికినప్పుడల్లా కౌంట్ ఎక్కుతూనే ఉంటుంది. ఏ, బీ రెండింటి అన్ని అంచులూ చూస్తే ఒక లైను వణుకు ప్లస్ ఒకటి, మైనస్ ఒకటితో దానంతటదే చెల్లిపోతుంది. అలా చూస్తే 30 కిలోహెర్ట్జ్ కాస్తా సెకనుకి 1,20,000 అంచులవుతుంది. ఊనోకి అది తలకు మించిన భారం. ఎస్‌టీఎం32 టైమర్ ఎన్‌కోడర్ మోడ్‌కి లెక్కే కాదు.

మీ వియ్యంకుడు సగటు గారు కూడా తక్కువేం కాదు. 200, 200, 1140, 200, 200 ఇస్తే 388 అంటారు, అబద్ధాన్ని అయిదుగురికీ పంచిపెట్టి. అదే వరసలో నడిమి విలువని తీసుకునే మీడియన్‌కిస్తే 200 అని ఊరుకుంటుంది.

మిమ్మల్ని అతికించే ముందు భక్తులు రెండు పనులు చేస్తే బాగుణ్ణు. ఒకటి, మోటారుకి పవర్ తీసేసి షాఫ్టుని చేత్తో ఒక చుట్టు తిప్పడం. 20 గాడులకి 20 రాకపోతే తప్పు సెన్సర్ దగ్గర. రెండోది, షాఫ్టుని కదలకుండా బిగించి ఒకట్రెండు సెకన్లు తక్కువ పీడబ్ల్యూఎం, అంటే కొద్దిపాటి పవర్, ఇవ్వడం. కౌంట్ కదిలిందంటే నాయిస్ మోటారు తీగల్లోంచి దూకుతోంది. దానికి మందు తీగలు విడదీయడం, సిగ్నల్‌ని గ్రౌండ్‌తో మెలిపెట్టడం, డ్రైవర్ గ్రౌండ్ కరెంటు ఎన్‌కోడర్ గ్రౌండ్ తీగలోంచి పోకుండా చూడటం. కేబుల్ మీటర్ల కొద్దీ ఉంటే 26ఎల్ఎస్31 (పంపేది), 26ఎల్ఎస్32 (అందుకునేది) చిప్పుల జంటతో డిఫరెన్షియల్‌గా, అంటే ఒకదానికొకటి వ్యతిరేకంగా నడిచే రెండు తీగల మీద, పంపి, చివర 120 ఓమ్స్ పెట్టడం.

మీకు ఉద్యోగం పోతుందని దిగులు వద్దు. ఎన్‌కోడర్ సప్లై, గ్రౌండ్ పిన్నులకు ఆనుకుని ఒకరు, బ్రష్ మోటారు టెర్మినళ్ల మధ్య ఒకరు, ఒక్కో టెర్మినల్ నుంచి బాడీకి ఒక్కొక్కరు. నాలుగు పోస్టులు ఖాళీగా ఉన్నాయి, వెంటనే చేరగలరు.

ఇట్లు,
మీ దెబ్బకి సున్నా ఆర్పీఎం దగ్గర నిలిచిపోయిన
డిస్‌ప్లే తరఫున

తా.క.: మీ రెండో తమ్ముడు 103 గారు కూడా బయల్దేరారని విన్నాం. అదే 4.7 కిలో ఓమ్స్ మీద ఆయన ఎక్కడానికి 43 మైక్రోసెకన్లు. 1160 ఆర్పీఎం దాటని మోటారు అయితేనే రమ్మనండి.