సవరణ: గ్రంథాలయ పన్ను మున్సిపాలిటీ ఇచ్చే సాయం కాదు

పట్టణాభివృద్ధి నిధులపై వచ్చిన గత వ్యాసంలో "గ్రంథాలయాలకు మున్సిపాలిటీ ఏటా అందించే సాయం" అన్న మాట ఉంది. దాన్ని తొలగించాం. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తిపన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున జనం అదనంగా కడుతున్న పన్ను అది. వెయ్యి రూపాయల ఆస్తిపన్ను కట్టే ఇంటి నుంచి 80 రూపాయలు. మున్సిపాలిటీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయాలి, అంతే. ఆ సొమ్ము సకాలంలో చేరకపోతే కొత్త పుస్తకాల కొనుగోలుకు, పత్రికల చందాలకు కటకట తప్పదు. దాన్ని "నిధుల కొరత" అంటే మాత్రం మింగుడుపడదు. జనం కట్టేశారు కదా!

అదే వ్యాసానికి మరికొన్ని సవరణలు. వీధి వ్యాపారుల కోసం కేంద్రం తెచ్చిన పీఎం స్వనిధి పథకం కింద రుణాలు ఇచ్చేవి బ్యాంకులు, ఇతర రుణ సంస్థలు. వ్యాపారులను గుర్తించి కార్డు లేదా సిఫారసు పత్రం ఇవ్వడం మున్సిపాలిటీ పని. మొదటి విడత రుణం 10,000 రూపాయలన్నది పాత లెక్క. 2025 మార్పులతో 15,000 అయింది.

కాకినాడ, కరీంనగర్ వంటి చోట్ల స్మార్ట్ సిటీ పనులు ప్రత్యేక కంపెనీల ద్వారా నడిచాయి. ఆ ఖర్చును కౌన్సిల్ బడ్జెట్‌తో కలపకుండా విడిగా చూపాం.