బారెట్స్ ఉందంటే ఏటా ఎండోస్కోపీ అవసరమా?

ఎండోస్కోపీ రిపోర్టులో 'బారెట్స్ ఈసోఫేగస్' అని కనిపిస్తే చాలు, టెన్షన్ మొదలవుతుంది. క్యాన్సర్‌కు ముందు దశ అని చదివాక ఏటా ట్యూబు వేయించుకుంటే గానీ మనసు కుదుటపడదు. కానీ ఆ పరీక్షను ఎంత నిదానంగా చేశారని అడిగేవాళ్లు తక్కువ.

ఆమ్లం ఏళ్ల తరబడి పైకి ఎగదన్నితే అన్నవాహిక కింది భాగంలో సహజమైన పొర పోయి, పేగు పొరలాంటిది ఏర్పడుతుంది. అదే బారెట్స్. దాన్ని కంటితో చూస్తే సరిపోదు, బయాప్సీతో, అంటే చిన్న ముక్క తీసి ల్యాబ్‌లో పరీక్షించి, నిర్ధారించాలి. కణాల్లో డిస్‌ప్లేజియా, అంటే క్యాన్సర్ వైపు మళ్లే మార్పు, లేకపోతే ముప్పు చాలా తక్కువ. 2011లో వెలువడిన డెన్మార్క్ అధ్యయనంలో అది ఏడాదికి 0.12 శాతమే. అందుకే 2022 నాటి అమెరికన్ మార్గదర్శకాలు ఇలాంటివారిలో మారిన పొర 3 సెంటీమీటర్ల లోపుంటే ఐదేళ్లకు, అంతకంటే పొడవుంటే మూడేళ్లకు మళ్లీ చూడమంటున్నాయి. ఏటా అనలేదు.

నా అభ్యంతరమల్లా ఆ ఒక్క పరీక్షనైనా సరిగ్గా చేయకపోవడం మీదే. సియాటిల్ పద్ధతి ప్రకారం ప్రతి 2 సెంటీమీటర్లకు నాలుగు వైపుల నుంచీ ముక్కలు తీయాలి. పొర పొడవున్నకొద్దీ ఇది విసుగు పుట్టించే పని, తీయాల్సిన ముక్కలు తగ్గిపోయేదీ ఇక్కడే. సెంటీమీటరుకు నిమిషానికి మించి పరిశీలించిన డాక్టర్లకు అనుమానాస్పద మచ్చలు ఎక్కువగా దొరికాయని ఒక అధ్యయనం చెబుతోంది. రిపోర్టులో పొర పొడవు, తీసిన ముక్కల లెక్క లేకపోతే తర్వాతి గడువు దేని ఆధారంగా చెప్పినట్టు?

ల్యాబ్‌లోనూ చిక్కుంది. 'లో గ్రేడ్ డిస్‌ప్లేజియా' (తక్కువ స్థాయి మార్పు) అని వచ్చిన స్లైడ్లను నెదర్లాండ్స్‌లో నిపుణులు మళ్లీ చూస్తే 85 శాతం కేసుల్లో అంత మార్పు లేదని తేలింది. మిగిలినవారికి మాత్రం ముప్పు నిజంగానే ఎక్కువ. కాబట్టి ఆ మాట వస్తే రెండో పెథాలజిస్టు చూడాల్సిందే. ఇద్దరూ అవునంటే ఆ పొరను వేడితో మాడ్చేసే అబ్లేషన్ గురించి డాక్టరుతో మాట్లాడాలి.

ఇంకో సంగతి. బారెట్స్ నుంచి పుట్టే రకం అన్నవాహిక క్యాన్సర్ వచ్చినవారిలో అత్యధికులకు బారెట్స్ ఉన్నట్టు ముందు తెలియనే తెలియదు. దారానికి కట్టిన స్పాంజ్ క్యాప్సూల్ మింగించి కణాలు సేకరించే పరీక్ష ఆశలు రేపుతున్నది వీళ్ల విషయంలోనే. 2020లో వెలువడిన బ్రిటన్ ట్రయల్‌లో అది మామూలు పద్ధతికంటే దాదాపు పది రెట్లు ఎక్కువ కేసులు పట్టింది. అయితే స్పాంజ్‌లో తేడా కనిపించినవాళ్లందరూ మళ్లీ ఎండోస్కోపీకే రావాలి.