గుల్మార్గ్ వెళ్తున్నారా? ఒక్క నల్ల అద్దాన్ని నమ్ముకుని వెళ్ళకండి

మొన్న ఫిబ్రవరిలో కాశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో మా మేనల్లుడి చెయ్యి విరిగింది. మణికట్టు దగ్గర, ఆరు వారాలు కట్టు. వాడు దూకుడుగా పోయి పడలేదు, భయపడీ పడలేదు. కనపడక పడ్డాడు. అప్పటికి పది రోజులుగా మంచు మీద జారే స్కీయింగ్ నేర్చుకుంటున్నాడు. అక్కడి కాంగ్‌డూరి అనే మంచు వాలు మీద ఆ పొద్దున రెండుసార్లు చక్కగా దిగాడు. మధ్యాహ్నానికి మబ్బు కమ్మింది. మూడోసారి దిగుతుంటే దారిలో గుంత వచ్చింది. వచ్చిందని వాడికి పడ్డాకే తెలిసింది. "మామా, అంతా తెల్లగుడ్డ పరిచినట్టే ఉంది. ఎత్తేదో పల్లమేదో ఏమీ తెలియలేదు" అన్నాడు.

వాడు పెట్టుకున్నది హైదరాబాద్‌లోనే ఒక దుకాణంలో కొన్న గాగుల్స్. నల్లటి అద్దం, దాని మీద నీలం మెరుపు పూత. "మంచు మీద ఎండ గట్టిగా ఉంటది సార్, ఎంత డార్క్ అయితే అంత మంచిది" అని అమ్మిన అబ్బాయి చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను, నిజమే కదా అనుకున్నాను. ఆ రాత్రి హోటల్ గదిలో డబ్బా తిప్పి చూస్తే చిన్న అక్షరాల్లో ఎస్ 3 అని ఉంది. కొనేటప్పుడు అదేమిటని మేము అడగలేదు, అమ్మినవాళ్ళు చెప్పలేదు. నా బాధంతా అక్కడే. అందుకే తెలిసినవాళ్ళు ఎవరు మంచుకొండలకు వెళ్తున్నామన్నా నేను ముందు గాగుల్స్ గురించే అడుగుతున్నాను.

మన ఊళ్ళో గాగుల్స్ అంటే కూలింగ్ గ్లాసులే. ఏప్రిల్‌లో ట్యాంక్‌బండ్ మీద బండి నడిపేవాళ్ళకు ఒక నల్ల అద్దం చాలు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకటే ఎండ. కొండ మీద అలా ఉండదు. పదింటికి కళ్ళు తెరవలేనంత ఎండ, పన్నెండింటికి మబ్బు, కాసేపటికి మంచు కురవడం, దేవదారు చెట్ల మధ్యకు వెళ్తే నీడ. ఒక్క రోజులోనే ఇవన్నీ రావచ్చు.

అసలు భయపడాల్సింది మబ్బుకే. స్కీయింగ్ చేసేవాళ్ళు దాన్ని ఫ్లాట్ లైట్ అంటారు. ఎండ ఉన్నప్పుడు ప్రతి గుంతకూ ప్రతి దిబ్బకూ ఒక పక్క నీడ పడుతుంది. మన కళ్ళు ఎత్తుపల్లాలను పోల్చుకునేది ఆ నీడను బట్టే. మబ్బు కమ్మితే వెలుతురు అన్ని వైపుల నుంచీ ఒకేలా వస్తుంది, కింద మంచు కూడా దాన్ని పైకి కొడుతుంది. నీడలు పోతాయి. అసలే సరిగ్గా కనపడని ఆ సమయంలో వచ్చే కాస్త వెలుతురుకు కూడా నల్ల అద్దం అడ్డుపడుతుంది.

ప్రతి అద్దానికీ వీఎల్‌టీ అని ఒక లెక్క ఉంటుంది. బయటి వెలుతురులో ఎన్ని శాతం కంటిదాకా వస్తుందో ఆ అంకె చెబుతుంది. దాన్ని బట్టే ఎస్ 0 నుంచి ఎస్ 4 దాకా తరగతులు. ఎస్ 3 అంటే 8 నుంచి 18 శాతం, మంచి ఎండకు. ఎస్ 2 అంటే 18 నుంచి 43 శాతం. ఎస్ 1 అంటే 43 నుంచి 80 శాతం, మబ్బుకూ మంచు కురిసేటప్పటికీ. మావాడు ఆ మబ్బులో ఎస్ 3తో దిగాడు, అంటే ఉన్న వెలుతురులో ఐదో వంతు కూడా వాడి కంటికి చేరలేదు. మబ్బు రోజుకు పసుపు, గులాబీ రంగు అద్దాలు వాడతారు. అవి నీలి కాంతిని తగ్గించి మంచు మీది గీతలను కాస్త స్పష్టంగా చూపిస్తాయి. నీడ అసలే లేనిచోట ఏ అద్దమూ నీడను పుట్టించలేదు కానీ, ఆ కాస్త తేడా చాలాసార్లు సరిపోతుంది.

నా మాట ఇది. ఒక్క అద్దానికే డబ్బుంటే ఎస్ 2లో గులాబీ రంగుది తీసుకోండి. ఎండకు కాస్త ఇబ్బంది పడతారు కానీ మబ్బుకు గుడ్డివాళ్ళు కారు. ఇంకాస్త పెట్టగలిగితే అద్దాలు మార్చుకునేవి, ముఖ్యంగా అయస్కాంతంతో అంటుకునేవి కొనండి, గ్లవ్స్ తీయకుండానే మార్చుకోవచ్చు. వెలుతురును బట్టి రంగు మారే ఫోటోక్రోమిక్ అద్దాలూ ఉన్నాయి. చలిలో అవి తిరిగి తేటపడటానికి చాలా సమయం తీసుకుంటాయి. ఎండలోంచి చెట్ల నీడలోకి జారేవాళ్ళకు అంత సమయం దొరకదు.

నలుపుకూ అతినీలలోహిత కిరణాలకూ సంబంధం లేదు. ఆ కిరణాలను ఆపేది అద్దంలోని పదార్థం, పూత. లేత పసుపు అద్దం కూడా వాటిని పూర్తిగా ఆపగలదు. ఎత్తు ప్రతి 1,000 మీటర్లకూ అవి సుమారు 10 శాతం పెరుగుతాయి, కొత్త మంచు వాటిలో 80 శాతం దాకా తిప్పికొడుతుంది. గుల్మార్గ్ గొండోలా (తీగ మీద నడిచే కేబుల్ కారు) పై స్టేషన్ దాదాపు 4,000 మీటర్ల ఎత్తులో ఉంది. మబ్బు ఉంది కదా అని అక్కడ గాగుల్స్ తీసేస్తే కొన్ని గంటల తర్వాత కళ్ళలో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. కాబట్టి మబ్బుకు లేత అద్దం వేసుకోవాలి, ఉత్త కళ్ళతో మాత్రం ఉండకూడదు.

ఇంత చెప్పినా, ముఖానికి సరిపోని గాగుల్స్‌కు ఎంత మంచి అద్దం వేసినా దండగే. చాలా మోడళ్ళు ముక్కుదూలం ఎత్తుగా ఉండే ముఖాలకు చేసినవి. మనలో చాలామందికి ముక్కు పక్కన సందు మిగిలిపోతుంది. చల్లగాలి అక్కడి నుంచే దూరుతుంది, ఊపిరి కూడా అక్కడి నుంచే లోపలికి ఎక్కి అద్దానికి ఆవిరి పడుతుంది. లో బ్రిడ్జ్ ఫిట్ అని విడిగా దొరుకుతాయి, అడగండి. పట్టీ తగిలించకుండా ముఖానికి మెల్లగా ఆనించి చూడండి. ఫోమ్ చుట్టూ ఒకేలా ఆనాలి, ముక్కు నొక్కుకుపోకుండా ఊపిరి ఆడాలి. తర్వాత హెల్మెట్ పెట్టుకోండి. హెల్మెట్ గాగుల్స్‌ను కిందికి నెట్టకూడదు, నుదుటి మీద సందూ మిగలకూడదు. ఈ రెండూ కలిపి చూడకుండా ఎవరూ కొనవద్దు. కళ్ళజోడు ఉన్నవాళ్ళు దాని మీద పెట్టుకునే ఓటీజీ రకాన్నే, తమ కళ్ళజోడు పెట్టుకునే చూడాలి.

ఆవిరి సంగతి మనకు తెలియనిది కాదు. జూలైలో ఏసీ ఆఫీసులోంచి బయటికి రాగానే కళ్ళజోడు మసకబారుతుంది కదా, చల్లటి అద్దానికి తడిగాలి తగిలి. కొండ మీద బయట చలి, లోపల మన ముఖం వేడి, ఊపిరి. అందుకే మధ్యలో గాలి పొర ఉన్న రెండు పొరల అద్దం, పైనా కిందా గాలి ఆడే రంధ్రాలు ఉండాలి. లోపలి పొరకు ఆవిరి పట్టకుండా పూత ఉంటుంది. తడిగా ఉన్నప్పుడు గ్లవ్‌తో తుడిస్తే ఆ పూత పోతుంది. దులిపి, దానంతట అదే ఆరనివ్వాలి. గాగుల్స్‌ను చెమట పట్టిన నుదుటి మీదికి తోసుకోవడం కూడా మానుకోండి.

దోమలగూడలో కృత్రిమ మంచు ఉండే స్నో వరల్డ్‌లో ఆడుకున్నాం కాబట్టి మంచు మాకు అలవాటే అనే పిల్లలకు ఒక మాట. అక్కడ లైట్లు రోజంతా ఒకేలా వెలుగుతాయి. కొండ మీద అలా వెలిగే దీపం లేదు.

ఈ డిసెంబర్‌లో మళ్ళీ వెళ్తానని మావాడు పట్టుబట్టాడు. అక్క ఇంకా సరే అనలేదు. మార్చుకునే రెండు అద్దాలున్న గాగుల్స్, హెల్మెట్ మాత్రం కొనేశాం, మా ఇంట్లోనే ఉన్నాయి. మలక్‌పేట చుట్టుపక్కల ఎవరైనా వెళ్ళేవాళ్ళుంటే మెసేజ్ పెట్టి రండి, పెట్టుకుని చూడండి. మీ ముక్కు దగ్గర సందు మిగులుతుందో లేదో అరగంటలో తెలిసిపోతుంది.